కుడివైపు పెట్టె

మునిర్కా,
4 ఆగస్టు 2025

ప్రియమైన కమలకు,

నువ్వు ఫరీదాబాద్‌లో మీ చెల్లెలి ఇంటికి వెళ్ళి నేటికి పంతొమ్మిది రోజులు. ఫోన్ చేయవద్దని, చెప్పేది ఉంటే రాయమని బల్ల మీద చీటీ పెట్టి వెళ్ళావు కనుక రాస్తున్నాను. వంటింటి కుళాయి బాగుచేశాను. నీళ్ళ ట్యాంకర్ రోజు విడిచి రోజు వస్తోంది.

మీ నాన్నగారి రికార్డుల కోసం తెచ్చిన టర్న్‌టేబుల్ ఇంకా కుదరలేదు. వీణ రికార్డు పెడితే ఎడమ స్పీకరు పెట్టె నిండుగా పలుకుతోంది, కుడి పెట్టె నీరసంగా ఉంది. సందులో ట్యాంకర్ వచ్చినప్పుడల్లా బల్ల అదురుతోందని కింద పాలరాతి పలక వేశాను. మట్టం చూసుకున్నాను. ముల్లు బరువు 1.8 గ్రాములకు తెచ్చాను. ముల్లు గాడిలో లోపలి గోడకే ఒరుసుకుంటోందేమోనని పక్కకు లాగే బలం కూడా సరిచేశాను. అన్నీ రోజు పుస్తకంలో రాశాను. కుడివైపు మాత్రం మారలేదు.

ఇది సరిగ్గా పలకకే నీకు విసుగొచ్చిందని నాకు తెలుసు. త్వరలో చేసేస్తాను.

పెద్దిరాజు

* * *

ఫరీదాబాద్,
11 ఆగస్టు

ప్రియమైన మీకు,

ఉత్తరం అందింది. మెట్రోలో గంటన్నర దూరం, ఉత్తరానికి వారం పట్టింది. అయినా ఇదే నయం. ఫోన్‌లో మీరు మాట మాటకీ జవాబిస్తారు. అది నమ్మి ఇంటికి వస్తే మళ్ళీ మౌనవ్రతం. అన్నం తింటూ పక్కనే కూర్చుని నేను పది మాటలు చెబితే మీ చెవిన ఒక్కటీ పడదు. రెండేళ్ళుగా గోడతో కాపురం చేస్తున్నట్టుంది.

నా విసుగు ఆ యంత్రం మీద కాదు. అది నాకు రెండువైపులా సమంగానే వినిపించిందని అప్పుడే చెప్పాను. ఇక్కడికి వచ్చే ముందురోజు సాయంత్రం, మీరు ముల్లు బిగించుకుంటుండగా, పక్కన నిలబడి మిమ్మల్ని ఒక మాట అడిగాను. తల ఎత్తలేదు. అదే మీ జవాబనుకుని సంచి సర్దుకున్నాను.

మీ ఉత్తరం చదివి కాంతమ్మ ఏమందో తెలుసా? "అక్కా, ఆ ముల్లుకిచ్చిన రెండు గ్రాముల బరువు నీ మాటకీ ఇస్తే బావగారి సొమ్మేం పోయిందే?" అంది. నాకు నవ్వు రాలేదు.

వీళ్ళ పక్కవీధి బడిలో పిల్లలకు సంగీతం చెప్పమంటున్నారు. మేడ మీద గది ఖాళీగానే ఉంది. ఒకటో తారీకు లోపల మాట చెప్పాలి. చేరితే ఏడాదిదాకా కదలడానికి ఉండదు.

కమలాకుమారి

* * *

మునిర్కా,
16 ఆగస్టు

ప్రియమైన కమలకు,

నువ్వు అడిగిన మాట సంగతి రాశావు. ఎంత ఆలోచించినా నాకు జ్ఞాపకం రావడం లేదు. అబద్ధం రాయలేను కనుక ఇలాగే రాస్తున్నాను.

నాకు తెలిసిన పని చేస్తున్నాను. ముల్లు నుంచి వచ్చే రెండు తీగలనూ కుడి ఎడమలు మార్చి బిగించాను. లోపం ముల్లుదైతే నీరసం ఎడమకు పోవాలి. పోలేదు. పెట్టెలు అటుదిటు ఇటుదటు మార్చాను. అయినా కుడే. కింది వాటాలో మైకు సెట్లు అద్దెకిచ్చే మల్లేశం తన ఆంప్లిఫయర్ తెచ్చి తగిలించాడు. అయినా కుడే. అతను మధ్యలో నిలబడి విని, "సార్, రెండు దిక్కులా ఒక్క తీర్గనే వస్తున్నది గద, మీరెందుకు పరేషాన్ అయితున్నరు?" అన్నాడు. పెళ్ళి మైకులకు అలవాటుపడిన చెవి అనుకుని ఊరుకున్నాను.

ఇక మిగిలింది గది ఒక్కటే. కుడివైపు కిటికీ ఉంది కదా, ధ్వని అటు పోతోందని దానికి చలికాలం కప్పుకునే రజాయి వేలాడగట్టాను. గదిలో ఉక్కగా ఉంది. కుడివైపు అలాగే ఉంది.

ఒకటో తారీకు లోపల కుదిర్చేస్తాను. అప్పటిదాకా బడివాళ్ళకు మాట ఇవ్వకు.

పెద్దిరాజు

* * *

ఫరీదాబాద్,
21 ఆగస్టు

ప్రియమైన మీకు,

నేను ఒకటి రాస్తే మీరు ఇంకొకటి సరిచేస్తున్నారు. ఆ రజాయి తీసెయ్యండి, చెమటపొక్కులు వస్తాయి.

చిన్నప్పుడు నేను పాట వింటూ తిరిగే పళ్ళేన్నే చూస్తుంటే, "నీ ధ్యాసంతా చక్రం మీదే ఉందమ్మా, అటు తిరిగి కూర్చో" అని నాన్న నా కుర్చీ తిప్పేసేవారు. వీపు వెనక వీణ వింటే ఎంత హాయిగా ఉండేదో. మీరూ ఒకసారి ఆ యంత్రానికి వీపు పెట్టి కూర్చోండి. మీకైనా పాట మిగులుతుంది.

బడివాళ్ళకు శనివారం, ముప్ఫయ్యో తేదీన వచ్చి చెబుతానన్నాను.

కమలాకుమారి

* * *

మునిర్కా,
26 ఆగస్టు

ప్రియమైన కమలకు,

ఇది పోస్టులో వేస్తే ముప్ఫయికి అందదు. మల్లేశం ఫరీదాబాద్‌లో వినాయక చవితి పందిరికి మైకులు తీసుకెళ్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను.

నిన్న నువ్వు రాసినట్టే కుర్చీ తిప్పి, యంత్రానికి వీపు పెట్టి కూర్చున్నాను. కిటికీ, దాని పక్క పెట్టె ఇప్పుడు నాకు ఎడమవైపు. నీరసం ఎడమకు రావాలి. రాలేదు. కుడివైపే ఉంది. లేచి తీగలు చూసి మళ్ళీ కూర్చున్నాను. మూడుసార్లు అదే. తరువాత అరచేత్తో ఎడమ చెవి మూసుకున్నాను. వీణ ఆగిపోయిందనుకున్నాను. తిరిగి చూస్తే రికార్డు తిరుగుతూనే ఉంది.

ఇవాళ పొద్దున కంటోన్మెంట్‌లో చెవి డాక్టరును కలిశాను. కుడి చెవి చాలావరకు పోయిందట. రెండు మూడేళ్ళ నాటిదట. నా పని నీకు తెలుసు కదా. ఎవరూ నేర్పకపోయినా, జనరేటరుకు కుడి చెవి ఆనించి శబ్దాన్ని బట్టి లోపం పట్టేవాణ్ణి. ఇరవై ఏళ్ళు ఆ చెవినే నమ్మాను. అందుకే దాన్ని తప్ప అన్నిటినీ అనుమానించాను. ఫోన్ ఎప్పుడు ఎడమ చెవికి మారిందో నాకే తెలియదు.

ఇంట్లో ఎవరూ గమనించలేదా అని డాక్టరమ్మ అడిగింది. "గమనించే మనిషి నా కుడివైపు కూర్చుంటుంది" అన్నాను.

రజాయి తీసేశాను. భోజనాల బల్లను గోడ నుంచి లాగి, నీ కుర్చీ ఎడమవైపు వేశాను. బడిలో చేరడం నీ ఇష్టం, దానికి నేను అడ్డు చెప్పను. కానీ ఆ సాయంత్రం నేను జవాబు ఇవ్వలేదనుకుని మాత్రం చేరకు. నువ్వేమడిగావో నాకు వినపడలేదు. మళ్ళీ అడుగు.

పెద్దిరాజు

* * *

ఫరీదాబాద్,
28 ఆగస్టు

ప్రియమైన మీకు,

తిరిగి వెళ్తున్న మల్లేశాన్ని కాసేపు ఆగమని చెప్పి, గుమ్మంలోనే రాసి ఇస్తున్నాను. మీ ఉత్తరం కాంతమ్మకు చదవనివ్వలేదు.

ఆ సాయంత్రం అడిగింది ఇదీ: "నేను కొన్నాళ్ళు ఇంట్లో లేకపోతే మీకేమైనా తేడా తెలుస్తుందా?"

దానికి జవాబు రాసి పంపకండి. బడివాళ్ళను సోమవారందాకా ఆగమంటాను. ఆదివారం వస్తున్నాను. ఎడమ కుర్చీలో కూర్చుని అడుగుతాను. ఈసారి పలకకపోతే మాత్రం తప్పు చెవిది కాదు.

మీ కమల