కోట వీధిలో పసుపు చీర

ఆగస్టు 6, మంగళవారం

బొబ్బిలి ఉమాశంకర్ గారు కారు వెనక సీట్లో దుప్పటి చుట్టి పెయింటింగ్ తెచ్చారు. కింది మూలన 1884 అని ఉంది. విజయనగరం కోట వీధి. వంటింటి గోడకి ఉండి పొగచూరిపోయింది. వాళ్లమ్మ కూర్మమ్మ గారు కళింగపట్నంలో చెల్లెలింట్లో ఉన్నారట. పదహారున వచ్చేలోపు నేను శుభ్రం చేసిస్తే ఆవిడకి సర్‌ప్రైజ్.

ఒక మూల తుడిచాను. గాజులమ్మే ఆమె బుట్టలోంచి ఎరుపు బయటికొచ్చింది.

ఆగస్టు 8

నీలం సున్నం గోడ. ధాన్యం బండి. ఎద్దు మెడలో పచ్చ పూసలు. ఎండు చేపల బుట్ట పక్కన కుక్క. నూట నలభై ఏళ్లుగా ఒక్క చేపా దొరకలేదు దానికి, పాపం.

మధ్యలో అరుగు మీద పసుపు చీర మనిషి. చీర నిండా మందంగా ఏదో మడ్డి.

ఆగస్టు 10

మడ్డి నీళ్లకి లొంగలేదు, ఉమ్మికి లొంగింది. పాత బొమ్మలు బాగుచేసే ట్రైనింగ్‌లో నేర్పిందే. దూదిపుల్ల నోట్లో తడిపి మెల్లగా తిప్పాలి. ఉమ్మిని మించిన క్లీనర్ లేదు. సాయంత్రానికి నోరెండిపోయింది.

కింద చీర తెల్లగా ఉంది. బొట్టు కూడా దూదికే వచ్చేసింది. చేతులకి గాజులు లేవు. గాజులమ్మే ఆమె ఎదురుగానే కూర్చుని ఉంది.

ఆగస్టు 10, సాయంత్రం 6

ఫోటో పంపాను. ఉమాశంకర్ గారు వెంటనే ఫోన్ చేశారు. బొమ్మలో ఆవిడ వాళ్లింటి పేరంటాలట. పుణ్యస్త్రీగా పోయిన పూర్వీకురాలని మొక్కుతారట. నాలుగు తరాల కోడళ్లు ప్రతి శ్రావణ శుక్రవారం ఆ చీరకి పసుపు రాసి బొట్టు పెట్టారు. భర్త పోయిన ఈ ఇరవై రెండేళ్లూ కూర్మమ్మ గారు తను పసుపు రాసుకోలేదు, బొమ్మని ముట్టుకోలేదు. కోడలు ధనలక్ష్మి చేత పెట్టించి, గడప అవతల నిలబడి దండం పెట్టుకుంటారు.

ముందే చెప్పొద్దా అన్నాను. మసి ఒక్కటే పోతాదనుకున్నానండి అన్నారు.

నా బుర్రకి తెగులు. నేను తుడిచింది మడ్డి కాదు, నాలుగు తరాల పసుపు. అదీ ఎంగిలితో. ఎంగిలి సంగతి ఆయనకి చెప్పలేదు.

ఆగస్టు 11

అన్నం సయించలేదు.

ఆగస్టు 13

పసుపు రంగు కలిపాను. బ్రష్ పట్టుకుని గంట కూర్చున్నాను. వేస్తే అబద్ధం. వెయ్యకపోతే ఆ పెద్దావిడకి దేవత లేకుండా పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. రంగు గిన్నెలోనే ఎండిపోయింది.

ఆగస్టు 15

ఉమాశంకర్ గారు దాచలేక తల్లికి చెప్పేశారు. కూర్మమ్మ గారు రేపటిదాకా ఆగలేదు, ఆయన్ని వెంటబెట్టుకుని ఇక్కడికే వచ్చేశారు. అంతా చెప్పేశాను, ఎంగిలితో సహా.

ఒరే శంకరం, నువ్వు బయట కూకో అన్నారు కొడుకుతో. తర్వాత నావైపు తిరిగి, ఏటమ్మా, సంటిపిల్ల మూతి తల్లి దేన్తోటి తుడుస్తాది, ఉమ్మితోటే కాదేటి అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

కళ్లజోడు పెట్టుకుని బొమ్మని చాలాసేపు చూశారు. అయితే ఇన్నాళ్లూ నాలాటి ముండమోసిన దానికేనా పసుపు పెట్టినాం అని అడిగారు. అవునన్నాను. పెడితే ఏటైనాది, ఇల్లు కూలిపోనాదా అన్నారు. నన్నడిగారో, బొమ్మనడిగారో తెలియలేదు.

కావాలంటే పసుపు రంగు వేస్తానన్నాను. వద్దు, ఆ తల్లిని అలాగే ఉండనీ అని, దుప్పటి చుట్టించి బొమ్మని వెంట పట్టుకెళ్లారు.

ఆగస్టు 16, శుక్రవారం

ధనలక్ష్మి గారు ఫోటో పంపారు. బొమ్మ గోడకి ఉంది, చీర తెల్లగానే. పక్కన, గడప ఇవతల, కూర్మమ్మ గారు. చెంపలకి పసుపు.