బీరన్న లేకున్నా నడవాలి

గుండ్లకుంటపల్లి, మహబూబ్‌నగర్ జిల్లా
10 జనవరి 2022

మనస్విని మేడమ్ గారికి,

గొర్రెల పెంపకందారుల సంఘం టీకా మందుల గది నుంచి బీరన్న నమస్కరించి రాసుకునే ఉత్తరం.

మీ శిక్షణ కేంద్రం పంపిన మొదటి పాఠం అందింది. ఆపద ఏదొచ్చినా సంస్థ పని ఆగకుండా ముందే ప్రణాళిక రాసిపెట్టుకోవడం నేర్పుతారట. ఈ సర్టిఫికెట్ తెచ్చుకుంటే నన్ను పర్మనెంట్ చేస్తానని మా అధ్యక్షుడు పర్వతాలు పదిమంది ముందు మాటిచ్చాడు. పంతొమ్మిదేళ్లుగా నేను తాత్కాలికమే. గదిలో ఉన్న ఫ్రిజ్ నా తర్వాత వచ్చింది. రిజిస్టర్లో దాన్ని మాత్రం శాశ్వత ఆస్తి అని రాసుకున్నారు.

మీ ప్రశ్నలకు జవాబులు. ముఖ్యమైన వ్యక్తి రాకపోతే పని ఎవరు చేస్తారు? రాకపోవడమన్నది లేదు. మా నాయిన పోయిన రోజు కూడా మట్టి చేసి, స్నానం చేసి, ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో చూసి రాసి పోయాను. కరెంటు పోతే? నేను వస్తాను. వరద వస్తే? మాది మిట్ట ప్రాంతం, వాన కోసం మొక్కుకునేవాళ్లం. అయినా వస్తే నేనూ వస్తాను. మిగిలిన పదిహేడింటికీ అదే జవాబు.

ఇట్లు, మీ విద్యార్థి (వయసు 54)
బీరన్న

తా.క. పోస్టులో ఎందుకు, వాట్సాప్‌లో పంపమన్నాడు మా గుమాస్తా లింగస్వామి. నాకు పోస్టే నయం. అవతలివాళ్లు చదివారని తెలిశాక కూడా జవాబు రాకపోతే మనసుకు కష్టం.


హైదరాబాద్
21 జనవరి

గౌరవనీయులైన బీరన్న గారికి,

నమస్తే. పోస్టే సరైనది. జవాబులు సంతకంతో కాగితం మీదే ఉండాలన్నది మా నియమం.

మీ నిజాయితీ నచ్చింది. కానీ ఇరవై ప్రశ్నలకూ జవాబు మీరే అయితే, సంఘానికున్న అతిపెద్ద ప్రమాదం కూడా మీరే అవుతారు. అందువల్ల ప్రమాదాల పట్టికలో కరెంటు కోత "మధ్యస్థం", అగ్ని "మధ్యస్థం", పాము "తక్కువ", బీరన్న "అత్యంత తీవ్రం" అని నమోదు చేశాం. ఒక ప్రతిని అధ్యక్షుల వారికి పంపాం. ఈ ప్రమాదాన్ని తగ్గించే మార్గం మీరే రాసి పంపాలి.

శుభాకాంక్షలతో,
మనస్విని, శిక్షణ సమన్వయకర్త

తా.క. పాము సంగతి మీరు రాయలేదని తెలుసు. ఆ వరుస ముందే అచ్చయి ఉంది, ఖాళీగా వదలకూడదు.


గుండ్లకుంటపల్లి
2 ఫిబ్రవరి

మేడమ్ గారికి, అత్యంత తీవ్రమైన బీరన్న నమస్కారాలు.

పట్టిక చదివిన సాయంత్రమే పర్వతాలు నా దగ్గర తాళంచెవులు గుంజుకున్నాడు. "ఏం జేసినవ్ బీరన్నా, నీ సంగతి హైదరాబాద్ దాంక వోయింది" అన్నాడు. ఏం చేశానో నాకు తెలిస్తే కదా చెప్పడానికి. మందు కోసం వచ్చినవాళ్లు గడప బయటే నిలబడి అడుగుతున్నారు. ఒకావిడైతే ఇది అంటుకునేదా అని లింగస్వామిని చాటుగా అడిగింది.

తెల్లారి పర్వతాలు తాళాలు జేబులో వేసుకుని నల్గొండలో పెళ్లికి పోయాడు. నలభై మంది గొర్రెలోళ్లు గది ముందర సాయంత్రం దాకా కూర్చున్నారు. ఆయన వచ్చి తాళాలు నా చేతిలో పెట్టాడు.

మార్గం రాయమన్నారు. మేడమ్, నేను గొర్రెలు కాచే ఇంట్లో పుట్టినవాణ్ని. వలసకు తోలినప్పుడు మందను ఒక్క కాపరి మీద వదలరాదని మాకు మీ పాఠం రాకముందే తెలుసు. గదికి ఇద్దరు మనుషులు కావాలి. కానీ సంఘం ఒక్కణ్ని పెట్టుకోవడానికే పంతొమ్మిదేళ్లుగా ఆలోచిస్తోంది.

ఇట్లు,
బీరన్న

తా.క. పాము నిజంగానే ఉంది. ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉంటుందని అక్కడ పడుకుంటుంది. నాకంటే అది నయమని మీరు రాసినప్పటి నుంచి దాని మొహం చూడబుద్ధి కావడం లేదు.


హైదరాబాద్
15 ఫిబ్రవరి

బీరన్న గారూ, నమస్తే.

మీకు జరిగిన అవమానానికి క్షమించండి. ప్రమాదం మీ నడవడి కాదు. మీకు తెలిసినదంతా మీ తలలోనే ఉండిపోవడం ప్రమాదం. దాన్ని కాగితం మీద పెట్టండి. కొత్త మనిషి వచ్చినా చదివి చేయగలిగేలా ఒక పుస్తకం రాయండి.

తర్వాత అభ్యాసం. మార్చి 7 నుంచి వారం పాటు "బీరన్న ఇక లేరు" అనుకుని సంఘం పనిచేయాలి. మీరు ఆ ఛాయలకు పోకూడదు. అధ్యక్షుల వారికి విడిగా ఉత్తరం రాశాం.

నమ్మకంతో,
మనస్విని

తా.క. ఇది అభ్యాసం మాత్రమే అన్న వాక్యం ఆ ఉత్తరం చివర ఉంది. చివరిదాకా చదవమని వారికి చెప్పండి.


గుండ్లకుంటపల్లి
16 మార్చి

మనస్విని మేడమ్ గారికి, బతికే ఉన్న బీరన్న రాసేది.

చివరిదాకా చదవలేదు. పర్వతాలు నా ఫోటోకు దండ వేసి సంఘం గ్రూపులో పెట్టాడు. ఫ్రిజ్ ముందర అందరూ రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారట. మీరు పోవద్దన్నారని నేను ఇంట్లో గడియ పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం మా బామ్మర్ది గాలయ్య అమ్రాబాద్ నుంచి కిరాయి జీపులో ఎనిమిది మందితో ఊరి మొదలు నుంచే ఏడుస్తూ వచ్చాడు. ఎవరు పోయారోనని నేనూ బయటికొచ్చి చూశాను. నన్ను చూసి గాలయ్య కళ్లు తుడుచుకున్నాడు గానీ, వచ్చిన ముసలమ్మలు మొదలుపెట్టిన ఏడుపు మధ్యలో ఆపలేదు.

నా భార్య జానమ్మ మిమ్మల్ని ఒక మాట అడగమంది: "నేను బతికుండంగ నా బొట్టు తీసేటట్టు రాసినామె ఎవ్వలు?" అడిగాను. జవాబు అక్కర్లేదు.

ఇక పని సంగతి. నా పుస్తకం చూసి లింగస్వామే వారమంతా నడిపించాడు. కరెంటు రెండుసార్లు పోయింది, గంటలోపే వచ్చింది. ఒక్క సీసా పాడు కాలేదు. సంతోషం. నిజం చెప్పాలంటే మూడో రోజుకు కొంచెం బాధేసింది కూడా. పుస్తకం అసలు ప్రతి రిజిస్టర్ పోస్టులో పంపాను.

ఇట్లు,
బీరన్న

తా.క. నా దినాలకని గాలయ్య పొట్టేలును తెచ్చాడు. ఆ పని మీద తెచ్చిందాన్ని వెనక్కి తోలరాదన్నారు పెద్దలు. కోశాం. నా దినాల కూర నేనే రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.


హైదరాబాద్
4 ఏప్రిల్

ప్రియమైన బీరన్న గారికి అభినందనలు.

మీకు నూటికి తొంభై ఆరు. ఈ బ్యాచ్‌లో బ్యాంకుల వాళ్లు, కంప్యూటర్ కంపెనీల వాళ్లు ముప్ఫై మంది ఉన్నారు. మొదటి స్థానం మీది. సర్టిఫికెట్ జతపరిచాను. పుస్తకం అసలు ప్రతి మా బీరువాలో భద్రంగా ఉంది. జిరాక్సులు తీసి ఒకటి మార్కులు వేయడానికి వాడాం, ఒకటి మీ సంఘానికి పంపాం.

అధ్యక్షుల వారికి ఇలా రాశాను: "అతిపెద్ద ప్రమాదం తొలగిపోయింది. ఇకపై బీరన్న లేకున్నా సంఘం నడుస్తుంది." మీకు మేలు జరుగుతుందని నా నమ్మకం.

గర్వంతో,
మనస్విని

తా.క. పర్మనెంట్ అయ్యాక మిఠాయి పంపడం మరవద్దు.


గుండ్లకుంటపల్లి
18 ఏప్రిల్

మేడమ్ గారికి,

ఆదివారం మీటింగ్ పెట్టారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. మీరు రాసిన వాక్యాన్ని పర్వతాలు మైకులో రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవలేదు గానీ, "బీరన్న లేకున్నా నడుస్తదని పెద్ద సదువులోళ్లే రాసిన్రు. ఇగ బీరన్న ఎందుకు మరి?" అని అడిగాడు. గదిని లింగస్వామికి అప్పజెప్పారు. శాలువా కప్పినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నాకు మీ మీద కోపంగా ఉంది మేడమ్. దాచుకోను. పర్వతాలు మీద కోపం పాతదే, అలవాటైపోయింది. మీరు చెప్పినందుకు తలలో ఉన్నదంతా తీసి రాశాను. జానమ్మ అన్నం పెట్టేటప్పుడల్లా ఇదే మాట: "ఏ పనోడైనా ఒక్క కిటుకు కడుపుల దాస్కుంటడు. నువ్వొక్కనివే అంత కక్కినవ్."

రేపు మేమిద్దరం అమ్రాబాద్ పోతున్నాం. గాలయ్య మందకు కాపరి కావాలట. మళ్లీ పద్నాలుగేళ్లప్పుడు చేసిన పనికే వచ్చాను.

ఇట్లు,
సర్టిఫికెట్ పొందిన బీరన్న

తా.క. పాము ఇంకా ఉద్యోగంలోనే ఉంది.


హైదరాబాద్
3 జూన్

బీరన్న గారూ,

ఈ ఉత్తరం మా డ్రైవర్ రామచంద్రం చేతికిచ్చి పంపుతున్నాను. మీ ఫోన్ కలవడం లేదు. దయచేసి అతని చేతికే జవాబివ్వండి.

గాలివానకు మీ ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ పడిపోయింది. నిన్నటి నుంచి కరెంటు లేదు, ఇంకో మూడు రోజులు రాదట. చిటుక రోగం టీకా పన్నెండు వందల గొర్రెలకు సరిపడా ఫ్రిజ్‌లో ఉంది. లింగస్వామి పద్నాలుగో పేజీ తీశాడు. "ఐస్ ఫ్యాక్టరీ నుంచి మంచు తెచ్చి పెద్ద డబ్బాలో" అన్న చోట పేజీ అయిపోయింది. తర్వాతి పేజీ స్టాక్ రిజిస్టర్ గురించి ఉంది. మాటలు ఇలా మధ్యలో తెగుతున్నాయనే నేను నాలుగు మార్కులు తగ్గించాను, మీ రాత తీరే అంత అనుకున్నాను. మంచు తెచ్చి పెట్టుకుని, మందు ముట్టడానికి భయపడి కూర్చున్నారు.

మీరు కావాలనే కొంత దాచుకున్నారని అధ్యక్షుల వారు అంటున్నారు. ఆ దాచినది చెబితే, ఈసారి పర్మనెంట్ ఆర్డరు కాగితం మీదే ఇస్తారట. అడగండి బీరన్న గారూ. మీ హక్కు అది.

మీ
మనస్విని

తా.క. దాచుకున్నారని విన్నప్పుడు, నిజం చెబుతున్నాను, నాకు సంతోషమేసింది.


అమ్రాబాద్
అదే రోజు

మనస్విని మేడమ్ గారికి,

కరెంటు పోయిందని నాకు నిన్ననే తెలిసింది. తెలిసి సంతోషపడ్డాను. పంతొమ్మిదేళ్లలో కరెంటు పోతే నేను పోకపోవడం ఇదే మొదటిసారి. పాడుగానీ అనుకున్నాను. అప్పుడు తెలుస్తది అనుకున్నాను.

మీ ఉత్తరం చదివాక జానమ్మ నా చేతిలో పెన్ను లాక్కుంది. "ఆర్డరు చేతికొచ్చినంకనే నోరు తెరువు" అంది. రామచంద్రం చాయ తాగినంత సేపు నేను పర్మనెంట్ ఉద్యోగిని. బాగుంది.

కానీ నేనేమీ దాచలేదు మేడమ్. సంఘం నాకిచ్చింది ఇరవై ఆరు కాగితాలే. అందుకని రెండు వైపులా రాశాను. మీరు ఒకవైపే జిరాక్స్ తీశారు. సగం పుస్తకం చదివి నాకు తొంభై ఆరు వేశారు. మీ బీరువా తెరిచి కాగితం తిప్పి చూడండి, పద్నాలుగో పేజీ వెనక అంతా ఉంది. మార్చిలో వారమంతా అసలు పుస్తకమే తిరగేసిన లింగస్వామికి గుర్తుండాల్సింది. కానీ గుర్తుపెట్టుకోవడం ఇప్పుడు పుస్తకం పని అయిపోయింది కదా.

మీరు బీరువా తెరిచేలోపు మంచు కరుగుతుంది కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. రామచంద్రాన్ని ముందు మా ఊరికే పోయి ఇది లింగస్వామికి చూపించి, తర్వాత మీకివ్వమన్నాను. మంచు అడుగున పరచాలి. దాని మీద గోనెసంచి రెండు మడతలు వేయాలి. సీసాలు సంచి మీదే పెట్టాలి. చిటుక రోగం మందు మంచుకు తగిలితే గడ్డ కడుతుంది, గడ్డ కట్టింది నీళ్లతో సమానం. మూత రోజుకు ఒక్కసారే తెరవాలి. అంతే. ఇందులో కిటుకేం లేదు, ఎవరైనా చేయొచ్చు.

ఇది చదివితే, నా దగ్గర ఇంకేమీ లేదని పర్వతాలుకు తెలిసిపోతుంది. తెలియనీయండి. పోయినేడు హనుమమ్మ గొర్రెలు పద్నాలుగు ఈ రోగానికే ఒక్క పూటలో పోయాయి. ఆమె గది ముందర కూలబడి నన్నే చూసింది, పర్వతాలును కాదు.

జానమ్మ నాతో మాట్లాడటం లేదు. మీ రామచంద్రానికి మాత్రం అన్నం పెట్టింది.

ఇట్లు,
బీరన్న

తా.క. ఈసారి కాగితం ఒకవైపే రాశాను.