గోడంత ఫోటోలో తప్పు వెతకను!

సోమవారం, ఉదయం
శుభారంభం! మా అమ్మాయి చిట్టి తీసిన ఫోటో హాల్లో గోడనిండా పరుచుకుంది. ఓ పేద్ద మేడ, లెక్కలేనన్ని కిటికీలు. శనివారం చిట్టి మొదటి ఫోటో ప్రదర్శన. షరతు పెట్టింది: "నాన్నా, ఈ వారమంతా నోరు మెదపకుండా చూడు. ఒక్క తప్పు పట్టావో, శనివారం నువ్వు రావక్కర్లేదు."
కట్టడాలు తనిఖీ చేసి నోటీసులిచ్చే ఉద్యోగం నాది. తప్పు పట్టినందుకే జీతం. అయినా కూతురి తర్వాతే ఏదైనా. ఒట్టు! రోజూ పావుగంట, ఆనందించడమే పని.

మంగళవారం
అబ్బ, ఏం వెలుగు! దూరం నుంచి మేడంతా ఒకటే రంగు. దగ్గరికెళ్తే ఒక్కో కిటికీలో ఒక్కో కాపురం. ఒకావిడ దుప్పటి దులుపుతోంది. ఇన్నాళ్ళూ ఏం పోగొట్టుకున్నాను!
మూడో అంతస్తులో బాల్కనీని గదిగా మార్చేశారు. నేను చూడలేదు.

బుధవారం
చూశాను. ఆ వరసంతా అంతే! ఇది తప్పు పట్టడం కాదు, సమాచారం. మా ఆవిడ చెవిలో మాత్రమే వేశాను.
"నా నోట్లో మాట దాగదని తెలుసుగా, నాకెందుకు చెప్పారు?" అంది.

గురువారం
ఒంట్లో బాగాలేదు. ఫోటోకి వీపు పెట్టి కూర్చున్నాను. ఆపేసిన టీవీ తెరలో మొత్తం కనిపిస్తోంది! పైకప్పు మీద నీళ్ళ ట్యాంకు ఒరిగింది. టీవీయే వంకరేమోనని సర్దిచెప్పుకున్నాను.

శుక్రవారం, సాయంత్రం
టీవీ వంకర కాదు. స్టూలెక్కి, భూతద్దం పెట్టి, స్కేలుతో కొలుస్తుంటే చిట్టి వచ్చేసింది. అరవలేదు. అరిచినా బాగుండేది. "రేపు ఇంట్లోనే ఉండు నాన్నా" అని గదిలోకెళ్ళి తలుపేసుకుంది.
అన్నం సయించలేదు. పాడు కళ్ళు!

శనివారం
ఆగలేక వెళ్ళాను. స్తంభం చాటున నిలబడ్డాను. అద్దాల మేడలు, ఎండిన చెరువులు, తొలిచిన కొండలు, అన్నీ గోడంతేసి. వచ్చినవాళ్ళు "అద్భుతం!" అనడం, ఫోటో ముందు తమ ఫోటో తీసుకోవడం, టీ బల్ల వైపు నడవడం. ఒక్కరైనా నిలబడి చూడరే! ఒళ్ళు మండిపోయింది. ఓ పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని ఆపాను.
"ఆ కొండ చూడండి సార్. రాయి కోసం కింద తొలిచేశారు. పైన ఇల్లుంది. ఆ గోడ మీద బీట చూశారా? బట్టలు ఆరేసి ఉన్నాయంటే లోపల మనుషులున్నారన్నమాటే!"
ఆయన కదల్లేదు. ఇంకొందరు చేరారు. వెనక్కి తిరిగితే చిట్టి. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను.
"ఆ బీట కోసమే నాన్నా ఈ ఫోటో తీసింది. పొద్దుట్నుంచీ ఎవరూ చూడలేదు" అంది. దాని కళ్ళు తడిగా ఉన్నాయి. నా సంగతి సరేసరి.

ఆదివారం
హాల్లో కొత్త ఫోటో. వంతెన. "ఇది మాత్రం అందంగా ఉందని తీశాను. ఊరికే చూడు నాన్నా, నీ పుణ్యముంటుంది" అని బతిమాలింది.
తప్పకుండా! రేపటి నుంచి గట్టిగా మొదలు. ఇవాళొక్కరోజు ఆ వంతెన రెండో స్తంభం సంగతేమిటో చూసేస్తే...