నూట పద్దెనిమిది

మార్చి 4, బుధవారం

ఈరోజు చివరి టెస్ట్ లారీ డ్రైవర్‌ది. రెండేళ్ళ కిందట మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. వేళ్ళకి పట్టు లేదు. చేతులతో తిప్పే పెడల్ మెషిన్‌కి అరచేతుల్ని బ్యాండేజ్‌తో కట్టాను. మాస్క్ తగిలిస్తుంటే, మేడమ్, ఈ బండికి హారన్ లేదు, అడ్డొచ్చేవాళ్ళని మీరే తప్పించండి అన్నాడు. నవ్వాను. తర్వాత పక్కన నిలబడి ఇంకా, ఇంకా అని అరిచాను.

ఏడో నిమిషంలో ఆగిపోయాడు. గుండె వేగం నూట పద్దెనిమిది. ఆ వయసుకి నూట యాభై ఐదు దాటాలంటుంది ఫారం. దాటకపోతే రాయాల్సిన వాక్యం ఒకటుంది. రాశాను: పూర్తి ప్రయత్నం చేయలేదు.

కాళ్ళతో పనిలేకుండా కారు నడపడం నేర్పే ట్రైనింగ్‌కి ఆరే సీట్లు. నా కాగితం చూసే ఇస్తారు.

మార్చి 5

నిన్న మాస్క్ తీశాక చాలాసేపు ఆయన రొప్పుతూనే ఉన్నాడు. బద్ధకించినవాడు అలా ఉంటాడా?

మార్చి 10, మధ్యాహ్నం

ట్రైనింగ్ లిస్టులో ఆయన లేడు. భార్య వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. చొక్కా తొడుక్కోవడానికి నలభై నిమిషాలు పడుతుందండీ, నేను సాయానికి వెళ్తే కసురుతాడు, అలాంటి మనిషి ప్రయత్నం చెయ్యలేదని రాయడానికి మీకు చేతులెలా వచ్చాయి అంది. తర్వాత గొంతు తగ్గించి, నేనే ఎక్కడో బద్ధకించానేమోనే అంటున్నాడండీ, చదువుకున్నావిడ రాసిందంటే నిజమే అయ్యుంటుందట అంది.

అదే రోజు, 4:30

గుండెని పరిగెత్తించే కబురు వెన్నుపాములోంచే వెళ్ళాలి. మెడ దగ్గర దెబ్బ తగిలితే ఆ కబురు అందదు. మనిషి ఎంత తన్నుకులాడినా గుండె నూట ఇరవై దగ్గరే ఉండిపోతుంది. ఇది నాకు తెలియదా? క్లాసులో పాఠం చెప్పినదాన్ని. ఫారంలో గడి ఉంది, నింపాను. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నది నన్ను చూసే అన్నారేమో.

మాస్క్ రీడింగ్ మళ్ళీ తీశాను. ఊపిరి లెక్క ప్రకారం ఒంట్లో ఉన్నదంతా ఊడ్చిపెట్టేశాడు.

పాత ఫైళ్ళూ తీశాను. మెడ దెబ్బలవాళ్ళు ఆయనతో కలిపి పదకొండు మంది. అందరికీ అదే వాక్యం. అంతా నా దస్తూరీయే.

మార్చి 11

తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాసి పెద్ద డాక్టర్‌కి ఇచ్చాను. డ్రాయర్లో పెట్టాడు. లిస్టు వెళ్ళిపోయిందమ్మా, ఇప్పుడు కదిపితే పదకొండు ఇళ్ళవాళ్ళూ మన గుమ్మంలోనే ఉంటారు, వచ్చే బ్యాచ్‌లో చూద్దాం అన్నాడు. వచ్చే బ్యాచ్ అంటే ఏడాది. నేను వాదించానా? రెండు నిమిషాలు.

మార్చి 14

డ్రైవర్‌కి ఫోన్ చేశాను. తప్పు నాదేనని, ఆయన గుండె అంతకన్నా వేగంగా కొట్టుకోవడం కుదరదని చెప్పాను. మీరు మంచోళ్ళు మేడమ్, నేను బాధపడతానని అలా అంటున్నారు అన్నాడు. సైకిల్ పెడల్స్ బల్లకి బిగించి రోజూ రెండు గంటలు తిప్పుతున్నాడట. గుండె వేగం చూపే క్లిప్ వేలికి పెట్టి, అందులో నంబర్‌ని భార్య పైకి చదువుతుందట. నిన్న నూట పంతొమ్మిది వచ్చింది మేడమ్ అన్నాడు, సంబరంగా. ఆపండి, భుజాలు పోతాయన్నాను. ఇంకా ఇంకా అని అరిచింది మీరే కదా అని నవ్వాడు.

నిజమే.

మార్చి 27

డ్రైవర్‌కి కుడి భుజం కండరం తెగింది. మంచం మీంచి కుర్చీలోకి జరగడానికి ఆయనకున్నవి ఆ రెండు భుజాలే.

ఏప్రిల్ 2

ఆయన్ని చేర్చిన వార్డుకి వెళ్ళాను. ప్రయత్నం చేశాడని కాగితం మీద రాసిమ్మన్నాడు. రాశాను. పైకి చదవమన్నాడు. చదివాను.

ఇంకోసారి అన్నాడు.