గుంత మీద ముగ్గు

శుక్రవారం.

నిద్ర పట్టడం లేదు. ఆ కంట్రాక్టరు మేస్త్రీ నవ్వు నా కళ్ల ముందే కనిపిస్తోంది.

నీళ్ల పైపు కోసం కంట్రాక్టరు మనుషులు మా వాకిట్లో తవ్విన గుంతను మూడు నెలలైనా పూడ్చలేదు. మెయిన్ రోడ్డు మూసినప్పటి నుంచి సత్రపట్టి ఊరికి పోయే బండ్లన్నీ మా సందులోకే వస్తున్నాయి. పోయిన వారం లారీకి దారి ఇవ్వబోయి అత్త ఆ గుంతలో పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కంట్రాక్టరుకు ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ రాలేదు. చివరికి నిన్న మా డబ్బుతోనే ఒక బండి మట్టి తోలించి, నేనూ ఆయనా పూడ్చాం. శుక్రవారం కదా అని పొద్దున్నే నీళ్లు చల్లి, దాని మీద పెద్ద ముగ్గు వేశాను.

పది గంటలకు మేస్త్రీ వచ్చి నా ముగ్గుకు ఫోటో తీసుకున్నాడు.

"వేలై ముగిసిపోయిందే అక్కా! గుంత పూడింది, ముగ్గు కూడా వేసినారు. ఇంకేం కంప్లైంటు?"

"పూడ్చింది మేము. మన్ను దుడ్డు ఎవురు ఇస్తారు?"

"మిమ్మల్ని ఎవురు పూడ్చమనినారు?" అని నవ్వాడు.

ఆయనేమో, "పోనీలేవే, వాకిలి బాగయింది కదా," అన్నారు. బాగయిందట! ఇంటి పన్ను మాది, మట్టి మాది, విరిగిన చెయ్యి మాది. ఆ ఫోటో చూపించి బిల్లు తీసుకునేది మాత్రం కంట్రాక్టరు.

నేను కాపురానికి వచ్చాక ఈ వాకిట్లో ముగ్గు లేనిది మామ పోయినప్పుడే. రేపు వేయను. ఎవరు పోయారని వీధిలోవాళ్లు అడుగుతారు.

కంట్రాక్టరు పోయాడని చెబుతాను.