చవుడు మిద్దె

1877 సెప్టెంబరు 2, ఆదివారం
ఈ రోజు చర్చిలో అందరూ వాన కోసం ప్రార్థన చేశారు. నేనూ మోకరించాను. ఇంటికొచ్చి, ఇప్పుడే వద్దు ప్రభువా అని ఇంకో ప్రార్థన చేశాను. ఉదయగిరి మొత్తంలో వానకు భయపడే మనిషిని నేనొక్కదాన్నేనేమో.

మా అద్దె మిద్దె నడిమి దూలాన్ని చెదలు తినేశాయి. రోకలితో తడితే డొల్ల చప్పుడు. సరిగ్గా దాని కిందే మా అత్త శీనమ్మ మంచం. పక్షవాతం వచ్చి ఆమె లేవలేదు. గది ఇరుకు, మంచం ఇంకెక్కడా పట్టదు.

సెప్టెంబరు 5
ఇంటాయన చెంచురామయ్య గారి దగ్గరికి వెళ్లాను. దూలం, పైన వాన దిగకుండా పోసే చవుడు మట్టి ఇంటాయన చూసుకోవాలి, నేలా గోడలూ అలకడం అద్దెకున్న వాళ్ల పని. ఇది ఈ ఊరి మామూలు. నేను ప్రతి శనివారం అలుకుతున్నాను, మీ వంతు మీరు చేయండి అన్నాను, నలుగురి ముందే. నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. దానికాయన, చూసుకునే గదా దిగినారు, ఈ కరువులో దూలం నేనేడ తెచ్చేది, ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యండి అన్నారు. స్కూల్లో టీచరమ్మవైతే నాకేంది అని కూడా అన్నారు.

ఖాళీ చేసి ఎక్కడికి పోవాలి? బాప్తిస్మం తీసుకున్నాక ఈ ఊళ్లో మాకు ఇల్లిచ్చింది ఆయనొక్కరే. అదీ నిజమే. మా ఇంటి ఎదుట స్కూలు పందిట్లో కరువు గంజికి వచ్చిన జనం వాంతులు, బేదులతో పడి ఉన్నారు. అత్తను అక్కడ పడుకోబెట్టలేను.

సెప్టెంబరు 13
నా భర్త ప్రేమానందం ఆత్మకూరు వెళ్లి వకీలును అడిగి వచ్చాడు. అగ్రిమెంటులో రాసుకున్నారా అన్నాడట. రాసుకోలేదు. అయితే మామూలుకు సాక్షులు కావాలన్నాడట. చెంచురామయ్య గారి మీద సాక్ష్యం చెప్పేదెవరు? కోర్టు తీర్పు చెప్పేలోపు మిద్దే చెప్పేస్తుంది.

సెప్టెంబరు 19
మబ్బు పట్టింది. ఊరంతా వీధిలోకొచ్చి ఆకాశం చూస్తోంది. నేను దూలం చూస్తున్నాను.

సెప్టెంబరు 20
నమ్మలేకపోతున్నాను. చెంచురామయ్య గారు గాడిదల మీద చవుడు పంపించారు! నలుగురిలో నేను అడగడం ఆయనకు తల కొట్టేసినట్టయిందట. కూలి మనిషి కొండలయ్య మిద్దెక్కి పాత మట్టి మీదే పోశాడు. ఇంకా మందంగా పొయ్యి నాయనా, చుక్క దిగకూడదు అని నేనే కింద నుంచి అరిచాను. మా గంజిలో సగం అతనికిచ్చాను. దూలం సంగతేమిటని అడిగితే, చవుడు పొయ్యమన్నాడమ్మా, దూలం మాట చెప్పలా అన్నాడు.

అదే రోజు, సాయంత్రం
దూలం వంగింది. దానికి వేలాడే ఉట్టి నిన్నటిదాకా నా తలకు కాస్త పైన ఉండేది. ఇప్పుడు నుదుటికి తగులుతోంది. ఎంత పని చేశాను! ఎండుమట్టికే ఇలా ఉంటే, ఇక నానితే?

సెప్టెంబరు 21
ప్రేమానందం మట్టి తీసేద్దామని మిద్దెక్కాడు. చెంచురామయ్య గారు పరిగెత్తుకొచ్చి దింపేశారు. నా ఇంటి మీద నా చవుడు తోసేదానికి నువ్వెవర్రా, అడిగిందీ మీరే, పోయించుకున్నదీ మీరే, నా వంతు అయిపోయినాది అన్నారు.

అత్త నిద్రపోతోంది. నాకు నిద్ర లేదు.

సెప్టెంబరు 24, మధ్యాహ్నం
వాన. పెద్ద వాన. అత్తను దుప్పట్లో మోసుకుని స్కూలు పందిట్లోకి తెచ్చాం. ఇక్కడి జబ్బు కంటే ఆ దూలమే భయమనిపించింది. ఊరంతా తడుస్తూ నవ్వుతోంది. అత్త కూడా నోరు తెరిచి చినుకులు పట్టింది.

ఇంతలో చెంచురామయ్య గారు గొంగడి కప్పుకుని వచ్చారు. ఆయన ఇంటిని మేం ఊరి ముందు అవమానించామట. రాయి మాదిరి ఉండాది నా మిద్దె, కూలిపోతాదంటారేంది, ఇదో నేను కూర్చోని చూపిస్తా అని మిద్దెలోకి వెళ్లి అత్త మంచం మీద కూర్చున్నారు. ఒక్క చుక్క దిగలా, రండి అని అక్కడి నుంచే పిలుస్తున్నారు. అత్తకు సిగ్గేసింది. ఇంటాయనే కూర్చోనుండాడు, పోదాం పదండి అంటోంది. నేను ఆమె చెయ్యి వదల్లేదు. అయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను, బయటికి రండి అని గొంతు పోయేలా అరిచాను. ప్రేమానందం వెళ్లి చెయ్యి పట్టుకుని లాగితే విదిలించుకున్నారు.

ఇది పందిట్లో కూర్చుని రాస్తున్నాను. వాన పెరుగుతోంది. ఆయన ఇంకా లోపలే ఉన్నారు.

సెప్టెంబరు 25
అందరం కలిసి కూలిన మిద్దె మట్టి తీశాం. నేనూ పార పట్టాను. ఆయనలో ప్రాణం లేదు.

చవుడు మంచిదే. దాని కింద మంచం నులక పొడిగా ఉంది.