నీ పేరు మీద ఓటు

నువ్వు నాకు అబద్ధం చెప్పావు నాన్నా. షేరు కాగితానికి లామినేషన్ చేయించి గోడకి తగిలించి, "ఈ మిల్లుకి మనమూ ఓనర్లమేనే అమ్మాయ్" అన్నావు. మొన్న నీ సంవత్సరీకం రోజే, మిల్లు మూసేయాలా వద్దా ఓటెయ్యమని నీ పేరున నోటీసొచ్చింది. అక్కడ రోజూ నూలు కండెలు మార్చే నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

గోడ మీది షేరు కాగితం, నోటీసు పట్టుకుని భవానీపురంలో ఉన్న మిల్లు ఆఫీసుకెళ్లా.

"షేర్లు మీ నాన్నగారి పేరునే ఉన్నాయి కదమ్మా, ఆయనే రావాలి" అన్నాడు గుమస్తా.

"ఆయన పోయారండీ."

"పేరు మార్పించుకోవాల్సింది. ఇప్పుడిక టైము లేదు."

ఇంటికొచ్చి కాగితం మళ్లీ గోడకి తగిలించా. వినడానికి ఇంకెవరున్నారు? నోటీసు దానికే చదివి వినిపించా.

శుక్రవారం పదింటికి మీటింగు. ఆలోపు వచ్చి, మూయొద్దని చెయ్యెత్తు.